మధుమేహం ఒంటరిగా రాదు!

పొట్ట, రక్తపోటు, రక్తంలో క్రొవ్వు, చక్కెర: ఇవన్నీ వేర్వేరు జబ్బులా, లేక ఒకే ఇంటి మనుషులా?

సంక్రాంతి వెళ్ళిన వారంలో ఒక బ్యాంకు ఉద్యోగి మా ఆసుపత్రికి వచ్చారు. వయస్సు 49. కుడికాలి బొటనవ్రేలి ప్రక్కన చిన్న పుండు. కొత్త చెప్పు కరిచిందట. మూడు వారాలైనా మానలేదు. నొప్పి లేదు కనుక ఆయన పెద్దగా పట్టించుకోలేదు. నిజానికి నొప్పి లేకపోవడమే నన్ను భయపెట్టింది. వెంటనే రక్తపరీక్ష చేయిస్తే చక్కెర 286 ఉంది.

ఆ మాట చెబితే ఆయన నమ్మలేదు.

"అదెలాగండీ డాక్టరుగారూ? ఎనిమిదేళ్ళుగా మీరు వ్రాసిన బి.పి. మాత్రలు వేసుకుంటున్నాను. షుగరుందని ఎవరూ చెప్పలేదే! స్వీట్లు కూడా నేను పెద్దగా ముట్టను. నిన్నటిదాకా లేని జబ్బు ఇవాళ ఎక్కడినుంచి ఊడిపడింది?" అన్నారు.

ఆయన భార్య చేతిసంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా బల్లమీద పెట్టారు. బ్యాంకు మనిషి గదా, ఎనిమిదేళ్ళలో ఒక్క కాగితం కూడా పారేయలేదు. అన్నిటికంటే అడుగున ఉన్న చీటీలో రక్తపోటు 150/96. ఐదేళ్ళ క్రితం ఆఫీసువాళ్ళు చేయించిన పరీక్షల్లో పరగడుపున చక్కెర 108, ట్రైగ్లిజరైడ్లు 240, మంచి కొలెస్టరాల్ అని చెప్పుకొనే హెచ్.డి.ఎల్. 34. చక్కెర అంకె ప్రక్కన ఎవరో "బార్డర్" అని వ్రాసి ఊరుకున్నారు. మూడేళ్ళ క్రితం కడుపునొప్పికి తీయించిన స్కానింగులో కాలేయానికి క్రొవ్వు పట్టిందని ఉంది.

ఒక్కొక్క కాగితం ఒక్కొక్క డాక్టరు చూసినది. అడుగున ఉన్న చీటీ మీద దస్తూరీ మాత్రం నాదే. ఆ రోజు నేను రక్తపోటుకు మాత్ర వ్రాసి పంపించాను. ఆయన నడుముకు టేపు పెట్టి చూడలేదు. చక్కెర, క్రొవ్వు పరీక్షలు వ్రాయలేదు. గుమ్మం బయట ఇంకా వందమంది నిలబడి ఉన్నారన్నది కారణం కావచ్చుగాని, జవాబు కాదు.

"జబ్బు ఇవాళ రాలేదండీ. ఎనిమిదేళ్ళ క్రితమే మీ గుమ్మంలో నిలబడింది. దాని మొహం మేమే గుర్తుపట్టలేదు" అన్నాను.

ఆ రోజు టేపు తెప్పించి కొలిచాను. నడుము చుట్టుకొలత 102 సెంటీమీటర్లు. ఆ కవరులోని కాగితాలన్నిటినీ కలిపి కట్టిన దారం అదే.

ఒక్కరొస్తామని ఐదుగురు

కొందరు చుట్టాలుంటారు. ఒక్కరే వస్తున్నామని కబురు పంపి, నలుగురిని వెంటబెట్టుకొని దిగుతారు. మధుమేహం కూడా అంతే. కాకపోతే ఇక్కడ ఆ నలుగురూ ముందు దిగుతారు; అసలు చుట్టం తరచు ఆఖరున వస్తుంది. ఈ బృందానికి వైద్యులు పెట్టిన పేరు మెటబాలిక్ సిండ్రోమ్. సిండ్రోమ్ అంటే కలిసి కనిపించే లక్షణాల గుంపు. మెటబాలిక్ అంటే జీవక్రియలకు, అంటే తిన్న తిండిని శరీరం శక్తిగా మార్చుకొని వాడుకొనే పద్ధతికి సంబంధించినది. ఆ పద్ధతి గాడి తప్పిందని దీని అర్థం.

గుంపులోని ఐదుగురు వీరు:

1. నడుము చుట్టుకొలత: మన దేశపు మగవారిలో 90 సెంటీమీటర్లు, ఆడవారిలో 80 సెంటీమీటర్లు, లేక అంతకంటే ఎక్కువ.

2. రక్తపోటు: పై అంకె 130 గాని, క్రింది అంకె 85 గాని, అంతకంటే ఎక్కువ గాని.

3. ట్రైగ్లిజరైడ్లు: 150 మిల్లీగ్రాములు, ఆపైన.

4. మంచి కొలెస్టరాల్: మగవారిలో 40 కంటే, ఆడవారిలో 50 కంటే తక్కువ.

5. పరగడుపున రక్తంలో చక్కెర: 100 మిల్లీగ్రాములు, ఆపైన.

వీటిలో ఏ మూడు ఉన్నా మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నట్లే లెక్క. మందులతో అంకె అదుపులో ఉన్నవారు కూడా ఆ జబ్బు ఉన్నట్లే లెక్కపెట్టుకోవాలి. 2009లో పలు అంతర్జాతీయ వైద్య సంస్థలు కలిసి ఒప్పుకున్న కొలత ఇది. ఈ గుంపు ఉన్నవారికి మధుమేహం వచ్చే అవకాశం, లేనివారికంటే సుమారు ఐదు రెట్లు ఎక్కువ. గుండెపోటు, పక్షవాతం వంటివి వచ్చే అవకాశం సుమారు రెండు రెట్లు.

చూడండి, ఐదో అంకె 100 దగ్గరే మొదలయింది. పరగడుపున 126 గాని, ఆపైన గాని ఉంటేనే మధుమేహం అంటారు. ఈ రెండింటి మధ్య ఉన్న మెట్టును మధుమేహానికి ముందు దశ అంటారు. మన బ్యాంకు ఉద్యోగి ఐదేళ్ళ క్రితం 108 దగ్గర, సరిగ్గా ఆ మెట్టుమీద నిలబడి ఉన్నారు. అప్పటికే ఆయనకు రక్తపోటు, ట్రైగ్లిజరైడ్లు, హెచ్.డి.ఎల్. మూడూ ఉన్నాయి. నడుము ఎవరూ కొలవలేదు.

ఇది నిన్న మొన్న కనిపెట్టిన సంగతి కాదు. 1923లోనే కీలిన్ అనే స్వీడన్ వైద్యుడు రక్తపోటు, చక్కెర, గౌట్ అనే కీళ్ళవాపు ఒకే మనిషిలో కలిసి కనిపిస్తున్నాయని వ్రాశాడు. 1947లో ఫ్రాన్సులో జాన్ వాగ్ అనే డాక్టరు, క్రొవ్వు ఎంత ఉన్నదన్నదొక్కటే కాదు, ఎక్కడ చేరిందన్నది ముఖ్యమని చెప్పాడు. 1988లో అమెరికా వైద్యుడు జెరాల్డ్ రీవెన్ వీటన్నిటికీ మూలం ఇన్సులిన్‌కు శరీరం లొంగకపోవడమేనని వాదించి, ఈ గుంపుకు సిండ్రోమ్ ఎక్స్ అని పేరు పెట్టాడు.

ఇలా గుంపుకట్టి పేరు పెట్టడం అవసరమా, విడివిడిగా వైద్యం చేస్తే చాలదా అని వాదించిన పెద్దలూ ఉన్నారు. 2005లో అమెరికా, ఐరోపా మధుమేహ సంఘాలు రెండూ కలిసి ఆ ప్రశ్న లేవనెత్తాయి. పేరు సంగతి ఎలా ఉన్నా, ఒకటి కనబడితే మిగతావాటిని వెదకాలన్న సంగతిలో తగవు లేదు. సామాన్యుడికి కావలసిందీ అదే.

తాళం తుప్పు పడితే

అన్నమైనా, ఇడ్లీ అయినా, రొట్టె అయినా మనం తిన్నదానిలోని పిండిపదార్థం చివరకు గ్లూకోజుగా మారి రక్తంలోకి వస్తుంది. అది కండరాలలోకి పోవాలంటే తలుపు తీయాలి. ఆ తాళంచెవి పేరు ఇన్సులిన్. కడుపు వెనుక ఉండే క్లోమగ్రంథి దానిని తయారుచేస్తుంది.

మనం ఖర్చుపెట్టేదానికంటే ఎక్కువ తింటే మిగిలినది క్రొవ్వుగా నిలవ ఉంటుంది. చర్మం క్రింద, తొడలలో, పిరుదులలో చేరే క్రొవ్వు బ్యాంకులో వేసుకున్న డబ్బు వంటిది; అంతగా అల్లరి చేయదు. కడుపు లోపల, ప్రేగుల చుట్టూ, కాలేయంలో చేరే క్రొవ్వు అలా కాదు. అది వీధిలో అప్పులిచ్చి తిరిగేవాడిలాంటిది, ఊరికే కూర్చోదు. ఆ క్రొవ్వు నుంచి వచ్చే ఆమ్లాలు రక్తంలో కలిసి ముందు కాలేయానికే చేరతాయి. కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి మళ్ళీ రక్తంలోకి వదులుతుంది. ట్రైగ్లిజరైడ్లు పెరిగినకొద్దీ మంచి కొలెస్టరాల్ తరుగుతుంది. క్రొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట వినదు. మనం నిద్రపోతున్నా అది చక్కెర తయారుచేస్తూనే ఉంటుంది. రాత్రి ఏమీ తినకపోయినా పరగడుపున చక్కెర ఎందుకు పెరిగిందని అడిగేవారికి జవాబు ఇదే.

కండరాలలోనూ క్రొవ్వు చేరి అక్కడి తాళాలు తుప్పు పడతాయి. ఒక తాళంచెవితో తెరుచుకోవలసిన తలుపుకు రెండు, మూడు కావలసివస్తాయి. క్లోమం ఆ మేరకు ఎక్కువ ఇన్సులిన్ పోస్తుంది. ఎక్కువైన ఇన్సులిన్ మూత్రపిండాలచేత ఉప్పును బయటకు పోనివ్వక పట్టి ఉంచేటట్లు చేస్తుంది. రక్తపోటు పెరగడానికి అదొక కారణం. పొట్టలోని క్రొవ్వు వదిలే మరికొన్ని పదార్థాలు రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి.

ఈ దశ ఏళ్ళ తరబడి సాగుతుంది. బరువైన బండిని ఎగువకు లాగుతున్న ఎద్దులా క్లోమం రెట్టింపు పని చేస్తూ చక్కెరను హద్దులో ఉంచుతుంది. కనుక చక్కెర పరీక్ష మామూలుగా ఉన్నదంటే ఒంట్లో అంతా సవ్యంగా ఉన్నదని కాదు. ఎద్దు ఇంకా లాగగలుగుతున్నదని మాత్రమే అర్థం. ఏదో ఒకనాటికి ఎద్దు అలసిపోతుంది. అప్పుడు చక్కెర పైకి లేస్తుంది. మధుమేహం బయటపడే నాటికే ఇన్సులిన్ తయారుచేసే శక్తిలో దాదాపు సగం పోయి ఉంటుందని బ్రిటన్‌లో ఏళ్ళ తరబడి జరిగిన ఒక పెద్ద పరిశోధన లెక్కకట్టింది.

చాప క్రింద నీరు అంటే ఇదే. చాప తడిసినప్పుడు చూసి నీళ్ళు ఇప్పుడే వచ్చాయనుకుంటాం.

చిన్న హెచ్చరిక. ఇదంతా పెద్దవారిలో ఎక్కువగా వచ్చే రెండో రకం మధుమేహం గురించి. పిల్లలలో హఠాత్తుగా, ఇన్సులిన్ బొత్తిగా తయారుకాక వచ్చే మొదటి రకం వేరు. ఆ పిల్లలకు ఇన్సులిన్ ప్రాణాధారం. వారిని "తిండి ఎక్కువై తెచ్చుకున్నారు" అనడం అన్యాయం.

"నేను సన్నగానే ఉన్నానుగా?"

రోజుకు పదిమందైనా ఈ మాట అంటారు. దీనికి జవాబుగా నేను ఒక ఫోటో సంగతి చెబుతాను. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్లు ప్రక్కప్రక్కన నిలబడి ఉన్న ఫోటో వచ్చింది. ఒకరు పుణె నగరంలో పనిచేసే డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్. మరొకరు లండన్‌లోని డాక్టర్ జాన్ యుడ్కిన్. ఇద్దరూ చూడడానికి సన్నంగానే ఉంటారు. ఎత్తునుబట్టి లెక్కగట్టే బరువు సూచిక ఇద్దరికీ ఒకటే, 22.3. కాని పరీక్ష చేస్తే ఆ ఇంగ్లీషు డాక్టరు ఒంట్లో క్రొవ్వు 9.1 శాతం, మన పుణె డాక్టరుగారి ఒంట్లో 21.2 శాతం!

అంతే కాదు. పుణె ప్రాంతపు పల్లెలలో పుట్టిన శిశువుల సగటు బరువు సుమారు 2.7 కిలోలు, ఇంగ్లండులో 3.5 కిలోలు. మన శిశువులు అంత తేలికగా పుట్టినా వారి ఒంట్లో తగ్గింది ఎక్కువగా కండే. క్రొవ్వు అంతగా తగ్గలేదని యాజ్ఞిక్ గారి బృందం చూపించింది. సన్నని చేతులు, సన్నని కాళ్ళు, ముందుకు వచ్చిన పొట్ట: ఈ ఆకారానికి పునాది తల్లి కడుపులోనే పడుతున్నదన్నమాట. అందుకే మనకు నడుము కొలత హద్దును పాశ్చాత్యులకంటే తక్కువగా పెట్టారు.

దేశం సంగతి చూడండి. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో రాష్ట్రాలన్నిటా జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మధుమేహం ఉన్నవారు 10 కోట్ల పైచిలుకు. ముందు దశలో ఉన్నవారు 13 కోట్ల 60 లక్షలు. పెద్దవారిలో నూటికి 35 మందికి పైగా రక్తపోటు ఉంది. పొట్ట పెరిగినవారు నూటికి దాదాపు 40 మంది.

టేపు ఎలా పెట్టాలి?

ఇంట్లో కుట్టుమిషను సొరుగులో ఉండే టేపు చాలు. ప్యాంటు సైజును నమ్మకండి. పొట్ట పెరిగినకొద్దీ మగవారు ప్యాంటును పొట్ట క్రిందికి జార్చి కట్టుకుంటారు. సైజు 34 దగ్గరే ఉండిపోతుంది, పొట్ట 40 దాటుతుంది.

ఉదయం ఏమీ తినకముందు నిటారుగా నిలబడండి. ప్రక్కటెముకలలో అన్నిటికంటే క్రిందిది ఎక్కడ ముగుస్తుందో, తుంటి ఎముక పైఅంచు ఎక్కడ తగులుతుందో వ్రేలితో చూసుకొని, ఆ రెండింటికీ సరిగ్గా మధ్యన టేపు చుట్టండి. పొట్ట బిగబట్టవద్దు. మామూలుగా ఊపిరి వదిలిన తరువాత అంకె చూడండి. మగవారికి 90 సెంటీమీటర్లంటే ముప్పై అయిదున్నర అంగుళాలు. ఆడవారికి 80 అంటే ముప్పై ఒకటిన్నర. గుర్తుంచుకోవడానికి సులువైన లెక్క ఇంకొకటి ఉంది: మీ నడుము మీ ఎత్తులో సగం దాటకూడదు.

అద్దంలో కనిపించే గుర్తులు కూడా కొన్ని ఉన్నాయి. మెడ వెనుక, చంకలలో చర్మం నల్లబడి మఖమలులా మందంగా అవుతుంది. అది మురికి కాదు, ఎంత రుద్దినా పోదు. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువై ఉన్నదని చెప్పే గుర్తు. మెడచుట్టూ చిన్నచిన్న పులిపిరుల వంటివి వ్రేలాడడం, పెద్దగా గురక పెట్టడం కూడా ఈ గుంపుతో తరచు కనిపించేవే. నెలసరి సరిగా రాక, అండాశయంలో నీటిబుడగలున్నాయని చెప్పిన ఆడపిల్లలూ, కడుపుతో ఉన్నప్పుడు షుగరు వచ్చిన తల్లులూ మరీ జాగ్రత్తగా ఉండాలి. కాన్పుతో షుగరు పోయిందని పండగ చేసుకోకుండా, 6 నుంచి 12 వారాలలోపు మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి. అది మామూలుగా ఉన్నా, ఒకటి నుంచి మూడేళ్ళకొకసారి జీవితాంతం చూసుకుంటూ ఉండాలి.

నడుము హద్దు దాటినవారు, రక్తపోటు ఉన్నవారు, తల్లిదండ్రులలో ఒకరికైనా మధుమేహం ఉన్నవారు, వయస్సు ఎంత తక్కువైనా సరే, పరగడుపు చక్కెర, గ్లూకోజు త్రాగిన రెండు గంటల తరువాతి చక్కెర, రక్తంలో క్రొవ్వులు, రక్తపోటు ఒకసారి చూపించుకోండి. రెండు గంటల అంకె 140 నుంచి 199 వరకు ఉంటే ముందు దశ. 200, ఆపైన మధుమేహం. మూడునెలల సగటు చెప్పే హెచ్.బి.ఎ.1.సి. పరీక్షలో 5.7 నుంచి 6.4 వరకు ముందు దశ, 6.5, ఆపైన మధుమేహం. ఒక్క పరీక్షతో తేల్చేయకుండా డాక్టరు మరోమారు చేయించి నిర్ధారించుకుంటారు. చేయించిన ప్రతి కాగితం ఒకే కవరులో పెట్టి, వెళ్ళిన ప్రతి డాక్టరుకూ మొత్తం కవరు చూపించండి. ఇది మాత్రం ఆ బ్యాంకు ఉద్యోగి నాకు నేర్పిన పాఠం.

మన విస్తరిలో ఏముంది?

మన భోజనం తీరు చూడండి. ప్రొద్దున్న నాలుగు ఇడ్లీలో, పెసరట్టు నిండా ఉప్మానో. మధ్యాహ్నం పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, పులుసుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి: నాలుగుసార్లు అన్నం. సాయంత్రం టీ, మిక్చరు. రాత్రి తొమ్మిదిన్నరకు మళ్ళీ అదే అన్నం, వెంటనే నిద్ర. పూర్వం ఇంత అన్నం తిన్నవాడు పొలంలో ఇంత పనీ చేసేవాడు. ఇప్పుడు అన్నం మిగిలింది, పని పోయింది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన ఆహార సూచనలలో, రోజంతా మనకు అందే శక్తిలో ధాన్యాల వంతు 45 శాతం మించకుండా చూసుకోమంది. దీనికి తూకాలూ, తరాజూలూ అక్కర్లేదు. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు వంతు పప్పు, గుడ్డు, చేప వంటివి. మిగిలిన పావు అన్నం. మనకు కూర అంటే అన్నంలో నంజుకొనేది. ఇకనుంచి కూర తింటూ అన్నం నంజుకోండి! ముందు కూర, పప్పు కొంత తిన్న తరువాత అన్నం కలుపుకుంటే చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. నాలుగుసార్లు కలిపే అన్నాన్ని రెండుసార్లకు తగ్గించి, ఆఖరున పెరుగన్నానికి బదులు ఒక గ్లాసు పలుచని మజ్జిగ త్రాగండి.

అన్నం మానేశామని చెప్పి రాత్రి ఆరు చపాతీలు తినేవారున్నారు. అన్నంతోబాటు రాగి సంకటి కూడా తినేవారున్నారు. జొన్న, రాగి, కొర్ర మంచివేగాని అవీ పిండిపదార్థాలే. అన్నానికి బదులుగా తింటే మేలు. అన్నానికి తోడుగా తింటే కీడు. పండు కొరికి తినండి, రసం తీసి త్రాగకండి. నూనె నెలకు మనిషికి అరలీటరు దాటనివ్వకండి. మరిగిన నూనెలో మళ్ళీ మళ్ళీ వేపిన బజ్జీలు వద్దు. ఉప్పు రోజుకు అన్నీ కలిపి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు; అందులోనే ఆవకాయ, అప్పడం, వడియం లెక్క కూడా ఉంది సుమా! సారా, బ్రాందీ, బీరు ట్రైగ్లిజరైడ్లను పెంచుతాయి. పొగాకు రక్తనాళాలకు శత్రువు; దానికి రాజీ లేదు.

వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట చురుకుగా నడవండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదీ వేగం. భోజనం చేసిన ప్రతిసారీ పది నిమిషాలు నడిచినా చక్కెరకు మంచిదే. వారానికి రెండు మూడు రోజులు గోడకు చేతులు ఆనించి తోయడం, కుర్చీలోంచి చేతులు ఊతం లేకుండా లేచి కూర్చోవడం వంటివి చేస్తే కండ పెరుగుతుంది. గ్లూకోజును ఎక్కువగా వాడుకొనేది కండే. గంటల తరబడి ఒకేచోట కూర్చోకండి.

ఇవన్నీ చేస్తే ఫలితం ఉంటుందా? ఉంటుంది. 2002లో వెలువడిన అమెరికా పరిశోధనలో, ముందు దశలో ఉన్నవారు నడకతో, తిండి మార్పుతో బరువులో 7 శాతం తగ్గాలని పూనుకుంటే మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. అదే పరిశోధనలో మెట్‌ఫార్మిన్ మాత్ర 31 శాతం తగ్గించింది. 2006లో చెన్నై వైద్యులు వెలువరించిన మన దేశపు పరిశోధనలో బరువు పెద్దగా తగ్గకపోయినా, అలవాట్ల మార్పుతోనే అవకాశం 28.5 శాతం తగ్గింది. 80 కిలోల మనిషి 4 నుంచి 6 కిలోలు తగ్గితే చాలు. సినిమా హీరోలా కానక్కరలేదు.

ఇప్పటికే షుగరు ఉన్నవారు

"మాకు వచ్చేసింది గదా, ఇక నడుము కొలిచి ఏం లాభం?" అనకండి. చక్కెర అంకె ఒక్కటే చూసుకుంటూ రక్తపోటును, క్రొవ్వును వదిలేసినవారే ఎక్కువగా గుండెపోటుకు గురవుతారు. డెన్మార్కులో మధుమేహ రోగులకు చక్కెర, రక్తపోటు, క్రొవ్వు మూడింటికీ కలిపి గట్టిగా వైద్యం చేస్తే, ఎనిమిదేళ్ళలో గుండె, రక్తనాళాల జబ్బులు సుమారు సగానికి తగ్గాయని 2003లో తేలింది. గుంపుగా వచ్చిన జబ్బుకు గుంపుగానే వైద్యం చేయాలి. ఏడాదికొకసారి కళ్ళు, మూత్రంలో ఆల్బుమిన్, పాదాల స్పర్శ చూపించుకోవాలి. ప్రతి రాత్రి పడుకోబోయేముందు పాదాలు తిప్పి చూసుకోవాలి.

జబ్బు వచ్చిన మొదటి కొద్ది ఏళ్ళలో బరువు బాగా తగ్గిన కొందరికి మందులు లేకుండానే చక్కెర అదుపులోకి వచ్చినట్లు 2017లో బ్రిటన్ వైద్యులు చూపించారు. అది డాక్టరు కనుసన్నలలో జరగవలసిన పని. ఎవరో చెప్పారని కాకరరసం త్రాగుతూ మాత్రలు, ఇన్సులిన్ మానేయడం ప్రాణాలతో చెలగాటం. కాకరకాయ కూర వండుకు తినండి. మందు మాత్రం మానకండి. "ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలట గదా" అని బి.పి. మాత్రకు భయపడేవారు, మాత్ర వాడకపోతే వచ్చే పక్షవాతం కూడా జీవితాంతం ఉంటుందని మరువరాదు.

కవరులో మొదటి కాగితం

బ్యాంకు ఉద్యోగి పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. వ్రేలు దక్కింది. కొన్నాళ్ళు ఇన్సులిన్ తీసుకొని, ఇప్పుడు మాత్రలమీద ఉన్నారు. పాదంలో పోయిన స్పర్శ మాత్రం తిరిగిరాలేదు.

కట్టు మార్పించుకోవడానికి వచ్చిన ఒకరోజు ఆయన భార్య మొహమాటపడుతూ అడిగారు: "మా అబ్బాయికి మెడ వెనుక నల్లగా ఉందండీ. ఎండకేమోననుకొని స్నానానికి ముందు సున్నిపిండితో రుద్దిస్తుండేదాన్ని. అది కూడా ఇదేనంటారా?"

వాళ్ళబ్బాయికి 24 ఏళ్ళు. హైదరాబాదులో కంప్యూటరు ముందు కూర్చొనే ఉద్యోగం. రాత్రి పన్నెండుకు భోజనం. ఉగాదికి ఇంటికి వచ్చినప్పుడు తీసుకువచ్చారు. నడుము 96. రక్తపోటు 134/88. ట్రైగ్లిజరైడ్లు 210, హెచ్.డి.ఎల్. 36. పరగడుపున చక్కెర 97.

కుర్రవాడు కాగితం చూసి తేలికపడ్డాడు. "షుగరు నార్మలే గదా సార్!" అన్నాడు.

నేను నోరు తెరవకముందే తండ్రి తన ప్లాస్టిక్ కవరు విప్పి, అడుగునుంచి ఎనిమిదేళ్ళనాటి చీటీ తీసి కొడుకు చేతిలో పెట్టారు. "నా మొదటి కాగితంలో కూడా షుగరు లేదురా నాన్నా. ఒక్క బి.పి.యే ఉంది. నీ దాంట్లో నాలుగున్నాయి" అన్నారు.

ఐదుగురిలో నలుగురు దిగారు. ఐదోవాడు ఇంకా దారిలో ఉన్నాడు. ఆ కుర్రవాడికి నేను మందు వ్రాయలేదు. టేపు, నడక, తొమ్మిదిలోపు రాత్రి భోజనం, మూడునెలలకొకసారి రక్తపోటు, ఆరునెలలకు మళ్ళీ పరీక్షలు. మొన్న దసరాకు వచ్చాడు. ఐదు కిలోలు తగ్గాడు. రక్తపోటు 124/80. ట్రైగ్లిజరైడ్లు 160కి దిగాయి. నడుము 91.

"ఇంకో రెండు సెంటీమీటర్లు సార్" అన్నాడు తనే.

ఇవాళ రాత్రి మీ ఇంట్లో కుట్టుమిషను సొరుగు తెరవండి. రేపు ప్రొద్దున్న కాఫీకి ముందు ఇంటిల్లిపాదికీ టేపు పెట్టి, అంకెలు క్యాలెండరు వెనుక వ్రాసిపెట్టుకోండి. హద్దు దాటినవారెవరైనా ఉంటే కంగారు పడకండి, దాచిపెట్టకండి. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడంకంటే, పొగ కనిపించినప్పుడే చెంబెడు నీళ్ళు పోయడం సులువు గదా!